హాలు మనదే, తాళం చెవి ఎవరిది?

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఒక గంట నిలబడితే మన ప్రాంతం ఎటు పోతున్నదో అర్థమవుతుంది. రాజీవ్ రహదారి మీద ఇటు హైదరాబాద్, అటు సిద్దిపేట, కరీంనగర్ వైపు బండ్లు ఆగకుండా పోతుంటాయి. పక్కనే గజ్వేల్ పట్టణం. రెండూ కలిసి ఇప్పుడు ఒకే మున్సిపాలిటీ. ముహూర్తాల కాలంలో రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్ళన్నీ దీపాలతో వెలిగిపోతుంటాయి. ఆ హాళ్ళు లేచిన జాగలో చాలా భాగం ఒకప్పుడు మక్కలు, పత్తి పండిన చెల్కలే. ఇప్పుడు అదే జాగలో బిడ్డ పెండ్లి చెయ్యాలంటే, అమ్ముకున్న రైతే కిరాయి కట్టి లోపలికి పోవాలి.

ప్రైవేటు హాలు సంగతి అట్లా ఉంచుదాం. అది వాళ్ళ పెట్టుబడి, వాళ్ళ వ్యాపారం. మేము ఈ నెల మాట్లాడదలచుకున్నది ప్రజల సొమ్ముతో కట్టిన హాళ్ళ గురించి. రైతు వేదికలు, మార్కెట్ యార్డులు, పట్టణంలోని ప్రభుత్వ ఆడిటోరియం. ఇవన్నీ మన పేరు మీదనే ఉన్నాయి. మనకు అక్కరకొచ్చిన రోజున వీటి తలుపు తెరుచుకుంటున్నదా? ఇదే మా ప్రశ్న.

వర్షంలో జరిగిన మీటింగు

మొన్న వానాకాలంలో జరిగిన ఒక సంగతి చెప్తాము. యూరియా కొరత మీద, కౌలు రైతుల సమస్యల మీద మాట్లాడుకుందామని ఒక ఊళ్ళో సంఘం సమావేశం పెట్టుకున్నాము. ఊళ్ళోనే వేదిక ఉంది. హాలు, గదులు, కుర్చీలు, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయి. ముందు రోజే అడిగాము. "సారును అడగాలె" అన్నారు. సారుకు ఫోన్ చేస్తే "పై నుంచి అనుమతి కావాలె" అన్నారు. పొద్దున పోయి చూస్తే తాళం వేసి ఉంది. చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. చివరికి చింతచెట్టు కింద కూర్చున్నాము. పదకొండు గంటలకు వాన మొదలైంది. సగం మంది ఇండ్లకు పోయారు. మిగిలిన సగం మంది వేదిక వరండాలో గోడకు ఆనుకొని నిలబడి మీటింగు ముగించాము.

ఒక పెద్దమనిషి తువ్వాలతో తల తుడుచుకుంటూ అన్న మాట మాకు ఇంకా గుర్తుంది. "లీడర్లు వస్తే ఈ తాళం పొద్దుగాల్నే తీస్తరు బిడ్డా. మనం వస్తేనే చెవి దొరకది." ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు ఆ ఒక్క ఊరిది కాదు. తాళం దగ్గరున్న ఉద్యోగిది అంతకన్నా కాదు. పంటల సర్వే మొదలు ధాన్యం కొనుగోలు దాకా అన్ని పనులూ ఆయన నెత్తి మీదనే ఉన్నాయి. హాలు ఎవరికి, ఎప్పుడు, ఏ లెక్కన ఇవ్వాలో ఊరి ముందర రాసిపెట్టిన పద్ధతి లేకపోవడమే అసలు తప్పు.

ఎకరాకు 440 రూపాయలు

రైతు వేదికలు ఎట్లా వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మే 29న కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్ళు వదిలిన రోజే మన పక్కనున్న ఎర్రవల్లి, మర్కూక్‌లలో రైతు వేదికలకు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో ముఖ్యమంత్రి మొదటి వేదికను ప్రారంభించారు. ప్రతి 5,000 ఎకరాల సాగుభూమిని ఒక క్లస్టర్‌గా లెక్కించి, క్లస్టర్‌కు ఒకటి చొప్పున రాష్ట్రమంతా 2,601 వేదికలు కట్టాలని నిర్ణయించారు. ఒక్కోదానికి 22 లక్షల రూపాయలు. అందులో 12 లక్షలు వ్యవసాయ శాఖవి, 10 లక్షలు ఉపాధి హామీ పథకానివి. మొత్తం 572 కోట్ల పైచిలుకు.

ఇంత పెద్ద అంకె చెప్తే మనసుకు పట్టదు. చిన్నగా చేసి చూద్దాం. 22 లక్షలను 5,000 ఎకరాలకు పంచితే ఎకరాకు 440 రూపాయలు. రెండెకరాల రైతు వంతు 880 రూపాయలు. అంటే ఆ హాలులో ప్రతి రైతుకూ లెక్కగట్టి చూపించగల వాటా ఉంది. మట్టి మోసిన కూలీల చెమట దీనికి అదనం. నెలకు రెండు రోజులు తెరిస్తే ఏడాదికి 24 రోజులు. మిగతా 341 రోజులు అది తాళం వేసిన గోదాము. మన ఇంట్లో ఎడ్లబండి ఏడాదికి 24 రోజులే కదిలితే దాన్ని ఉంచుకుంటామా, అమ్ముకుంటామా?

2024 మార్చి 6న 110 రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ సౌకర్యంతో రైతు నేస్తం కార్యక్రమం మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తెర మీద రైతులతో మాట్లాడతారు. మంచిదే. పత్తిలో గులాబీరంగు పురుగు గురించి శాస్త్రవేత్తను నేరుగా అడగగలిగితే ఎవరికి మేలు కాదు? కానీ తెర మీద మాట ఎక్కువగా పై నుంచి కిందికే వస్తుంది. రైతులు తమలో తాము మాట్లాడుకొని, తీర్మానం చేసుకొని, కింది నుంచి పైకి పంపడానికి కూడా ఆ హాలు కావాలి. మొదటిదానికి తాళం తీసి, రెండోదానికి తీయకపోతే దాన్ని వేదిక అనడం ఎట్లా?

పట్టణంలో మహతి, పల్లెలో చెట్టు

గజ్వేల్‌కు కట్టడాల కరువు లేదు. ముఖ్యమంత్రి నియోజకవర్గం కావడంతో 2014 తర్వాత ఇక్కడ కట్టినన్ని భవనాలు ఈ స్థాయి పట్టణాల్లో అరుదు. సమీకృత కార్యాలయాలు, ఆసుపత్రి, మార్కెట్, ఎడ్యుకేషన్ హబ్, మహతి ఆడిటోరియం. మహతిని 2019 డిసెంబర్ 11న ప్రారంభించారు. అందులో సాంస్కృతిక కార్యక్రమాలు, అధికారుల సమీక్షలు జరుగుతుంటే మాకేమీ అభ్యంతరం లేదు. పట్టణానికి ఒక మంచి సభాభవనం ఉండటం గౌరవమే. అయితే ఆ భవనం ఏడాదిలో ఎన్ని రోజులు వాడారు, ఎవరు వాడారు, కిరాయి ఎంత వచ్చింది, కరెంటు బిల్లు ఎంత అయింది, ఎవరు కట్టారు అన్న లెక్క మున్సిపాలిటీ నోటీసు బోర్డు మీద ప్రతి నెలా కనబడాలి. వ్యవసాయ మార్కెట్ కమిటీ షెడ్లకూ, హాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. 1966 మార్కెట్ చట్టం కింద వసూలయ్యే ఫీజు వ్యాపారి చేతి మీదుగా కట్టినా, అది పుట్టేది మన వడ్ల బస్తా మీదనే.

మల్లన్నసాగర్ కింద పోయిన ఊళ్ళ సంగతి ఇంకా బాధాకరం. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళ జనం ఇప్పుడు గజ్వేల్ పక్కన పునరావాస కాలనీలో ఉంటున్నారు. ఇల్లు పోతే ఇల్లు లెక్కగట్టారు. భూమి పోతే భూమి లెక్కగట్టారు. రచ్చబండను ఎవరు లెక్కగట్టారు? గుడి ముందర అరుగును, బడి ఆవరణను, ఊరి పంచాయితీ జరిగిన చెట్టు నీడను ఏ పద్దు కింద రాశారు? పది మంది ఒక దగ్గర కూర్చోవడానికి జాగ లేని ఊరు పేరుకే ఊరు. ఇప్పుడు ప్రాంతీయ రింగు రోడ్డు ఉత్తర భాగం తూప్రాన్, గజ్వేల్, జగదేవ్‌పూర్ మీదుగా పోతున్నది. మళ్ళీ భూములు పోతున్నాయి. భూమి పోయే రైతులు కూడబలుక్కోవడానికి ఒక కప్పు కింద కూర్చోవాలి గదా.

ఆవులకు ప్యాలెస్

ఇతర దేశాల్లో ఈ పని ఎట్లా చేస్తున్నారో చూద్దాం. అమెరికాలో కౌంటీ అంటే రమారమి మన జిల్లా పరిషత్ లాంటి స్థానిక పాలన అనుకోవచ్చు. అక్కడ చాలా కౌంటీలకు సొంత మైదానం, దాని మీద పెద్ద కప్పుతో బహుళ ప్రయోజన సభాభవనం ఉంటాయి. ఏటా కొన్ని రోజులు పశువుల ప్రదర్శన, పంటల పోటీ, పిల్లలు పెంచిన దూడల వేలం జరుగుతాయి. మిగతా రోజుల్లో అదే చోట ఆటలు, పాటకచేరీలు, వ్యాపార సమావేశాలు, పెండ్లిళ్ళు.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన డేలీ సిటీలో ఇట్లాంటిదే ఒకటి ఉంది. దాని పేరు కౌ ప్యాలెస్. అంటే ఆవుల రాజభవనం. 1915లో ఆ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పశువుల విభాగానికి జనం విరగబడి వచ్చారు. అందుకే పశు ప్రదర్శనకు ఒక శాశ్వత భవనం కావాలన్న ఆలోచన పుట్టింది. కట్టే నాటికి పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది. జనం తిండికి అల్లాడుతుంటే ఆవులకు రాజభవనం ఏమిటని పత్రికలు ఎకసెక్కం చేశాయి. ఆ ఎకసెక్కమే చివరకు పేరుగా నిలిచింది. 1941లో తలుపులు తెరుచుకున్నాయి. యుద్ధకాలంలో సైన్యం వాడుకుంది. 1956లో, 1964లో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభలు అక్కడే జరిగాయి. 1964లోనే బీటిల్స్ బృందం పాటకచేరీ కూడా అక్కడ జరిగింది. దాని యాజమాన్యం మాత్రం ఇప్పటికీ కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ అయిన ఒక జిల్లా వ్యవసాయ సంఘానిదే.

అమెరికా రైతు సుఖంగా ఉన్నాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. అక్కడ చిన్న కమతాలు కంపెనీల కింద ఎట్లా నలిగిపోయాయో ఈ పత్రికలో ఎన్నోసార్లు రాసుకున్నాము. చాలా చోట్ల ఇట్లాంటి పెద్ద భవనాల అప్పు స్థానిక ప్రజల నెత్తిన పన్నుగా పడుతున్నది కూడా. అయినా ఆ ఆవుల ప్యాలెస్ నుంచి ఒక మాట నేర్చుకోవచ్చు. వ్యవసాయం కోసం కట్టిన భవనం పది రకాల పనులకు కిరాయికి పోయి పైసలు సంపాదించవచ్చు. కానీ అది రైతు పేరు మీద పుట్టిందన్న సంగతిని మరిచిపోకూడదు.

ఎదురయ్యే ప్రశ్నలు

ఈ మాట అన్నప్పుడల్లా మాకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాబట్టి దాటవేయకుండా జవాబు చెప్పుకోవాలి.

మొదటిది, అందరికీ ఇస్తే హాలు పాడైపోతుందని. నిజమే. తాగి కుర్చీలు విరగ్గొట్టిన దావత్‌లు మనమూ చూశాము. వండిన చోటే ఎంగిలి విస్తర్లు వదిలేసి పోయిన పెండ్లివాళ్ళనూ చూశాము. దీనికి మందు తాళం కాదు. ముందుగా డిపాజిట్, తర్వాత తనిఖీ, నష్టానికి కోత. ఊళ్ళో వంటపాత్రలు, షామియానా కిరాయికిచ్చే చిన్న వ్యాపారి ఈ పద్ధతిని చక్కగా నడుపుకొస్తున్నాడు. ప్రభుత్వానికి చేతకాదా? పైగా వాడని భవనం ఇంకా తొందరగా పాడవుతుంది. చెదలు, గబ్బిలాలు, కారే పైకప్పు, ఎండిపోయిన నల్లా, ఎవరూ కడగని మరుగుదొడ్డి. వీటికి దావత్‌తో పని లేదు.

రెండోది, రైతు సంఘాలకు ఇస్తే రాజకీయాలు చేస్తారని. మద్దతు ధర గురించి మాట్లాడటం రాజకీయమైతే, అవును, చేస్తాము. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని బస్తాకు కిలోల కొద్దీ తరుగు తీస్తుంటే అడగడం రాజకీయమైతే, అవును, చేస్తాము. ఏ జెండా సంఘమైనా సరే, రైతుల సమస్య మీద సమావేశానికి అడిగితే ఒకే నియమం ఉండాలి. మా సంఘానికి ఇచ్చి ఇంకో సంఘానికి ఇవ్వకపోతే దాన్ని కూడా మేము వ్యతిరేకిస్తాము. అధికారంలో ఉన్న పార్టీకి తెరుచుకొని, ప్రతిపక్షానికి మూసుకునే తాళం అధికారం మారినప్పుడల్లా చేతులు మారుతుంది. మన చేతికి మాత్రం రాదు.

మూడోది, నడిపే ఖర్చు ఎక్కడిదని. ఇది అన్నింటికన్నా గట్టి ప్రశ్న. ఊడ్చే మనిషికి జీతం, కరెంటు బిల్లు, నీళ్ళు, సున్నం, మరమ్మతు. కట్టేటప్పుడు శిలాఫలకం మీద పేర్లు చాలా ఉంటాయి. కట్టాక బల్బు మార్చే పేరు ఒక్కటీ ఉండదు. జవాబు కిరాయి పద్ధతిలోనే ఉంది. పట్టణంలోని ఆడిటోరియాన్ని విత్తన కంపెనీలు, రియల్ ఎస్టేట్ సంస్థలు అడిగితే మార్కెట్ ధర తీసుకోండి. రైతు ఇంటి పెండ్లికి, పేదింటి శుభకార్యానికి నిర్వహణ ఖర్చు మాత్రమే తీసుకోండి. గ్రామసభకు, రైతు సమావేశానికి, మహిళా సంఘాల మీటింగుకు ఏమీ తీసుకోకండి. పై మెట్టు మీద వచ్చిన పైసలతో కింది మెట్టు నడుస్తుంది.

అడ్డంకి ఇంకొకటి ఉంది. పెండ్లి ముహూర్తాలు వైశాఖంలో ముమ్మరంగా ఉంటాయి. యాసంగి వడ్ల కొనుగోళ్ళు, రోహిణి కార్తెలో విత్తనాల తిప్పలు కూడా దాదాపు అప్పుడే. ఆ రోజుల్లో హాలు కోసం రెండు అవసరాలూ పోటీ పడతాయి. అందుకే నెలలో కొన్ని రోజులు ముందే ఖాయం చేసి, వాటిని ఎంత కిరాయి వచ్చినా వేరేవాళ్ళకు ఇవ్వకూడదు. అంగడి రోజు ఇందుకు సరైనది. ఆ రోజు రైతులు ఎట్లాగూ బయటికి వస్తారు.

కొత్త భవనం వద్దు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మేము కొత్త కన్వెన్షన్ సెంటర్ అడగడం లేదు. ఉన్నవాటిని పూర్తిగా వాడకుండా ఇంకొకటి కట్టడానికి ఒక్క గుంట సాగుభూమి తీసుకున్నా మేము ఒప్పుకోము. కట్టడం మీద పాలకులకు ఉన్న మోజు నడపడం మీద ఉండదు. కట్టడానికి కాంట్రాక్టు ఉంటుంది. నడపడానికి ఓపిక తప్ప ఏమీ ఉండదు.

కట్టాల్సింది ఏదైనా మిగిలి ఉంటే అది కల్లం. వడ్లు రోడ్డు మీద ఆరబోసుకునే గతి మనది. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో కట్టిన ధాన్యం కల్లాలు నిబంధనలకు విరుద్ధమంటూ 151 కోట్లకు పైగా తిరిగి కట్టాలని 2022లో కేంద్రం అడిగింది. హాలుకు పనికొచ్చిన పైసలు కల్లానికి పనికిరాకపోవడం ఏ లెక్కో రైతుకు అర్థం కాదు. ఈలోగా వేదిక ఆవరణ ఖాళీగా ఉన్న చోట కొనుగోలు కాలంలో టార్పాలిన్లు దాచుకోవడానికైనా, హమాలీలు ఎండకు నిలబడటానికైనా వాడుకోనివ్వాలి.

చట్టం కూడా మన వైపే ఉంది. వేదికల్లో ఉపాధి హామీ సొమ్ము ఉంది. ఆ పథకం కింద జరిగిన పనుల మీద సామాజిక తనిఖీ చేసే అధికారాన్ని 2005 చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఇట్లాంటి వివరాలు ఎవరూ అడగకముందే అధికారులు ప్రకటించాలి. అడిగే హక్కు కాగితం మీద ఉంది. అడిగే నోరు మనం తెరవాలి.

మా డిమాండ్లు

1. ప్రతి రైతు వేదిక గోడ మీద తాళం చెవి ఎవరి దగ్గర ఉందో, ఫోన్ నెంబరు ఏదో, వాడుకునే నియమాలు ఏమిటో పెద్ద అక్షరాలతో రాయాలి.

2. నెలలో కనీసం నాలుగు రోజులు, అందులో అంగడి రోజు కలుపుకొని, రైతులు, కౌలు రైతులు, కూలీల సమావేశాలకు ఉచితంగా కేటాయించాలి. జెండా చూడకూడదు.

3. వేదిక నిర్వహణకు గ్రామసభ ఎన్నుకున్న కమిటీ ఉండాలి. అందులో కౌలు రైతులు, మహిళలు, వ్యవసాయ కూలీలు తప్పనిసరిగా ఉండాలి. నియామకం పై నుంచి రాకూడదు.

4. గజ్వేల్-ప్రజ్ఞాపూర్‌లోని ప్రభుత్వ సభాభవనాల కిరాయిని మూడు మెట్లుగా నిర్ణయించి, నెలనెలా జమాఖర్చు ప్రకటించాలి.

5. పునరావాస కాలనీలో నిర్వాసితులకు ఊరి వారీగా కూర్చునే చోటు, నిర్వహణ నిధులతో సహా ఇవ్వాలి.

6. ఉన్న భవనాల వాడకం లెక్క తేలేదాకా కొత్త సభాభవనాలకు సాగుభూమి తీసుకోకూడదు.

రైతు సోదరులారా, అక్కలారా! ఈ పత్రిక మీ చేతికి అందిన వారంలోగా ఒక చిన్న పని చేయండి. మీ క్లస్టర్ వేదిక దగ్గరికి నలుగురు కలిసి పోండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు తెరిచారో, ఎవరి కోసం తెరిచారో, కుర్చీలు ఎన్ని ఉన్నాయో, నల్లా వస్తున్నదో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే నెల సంఘం సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. ఊరూరి కాగితాలు ఒక దగ్గర చేర్చి కలెక్టర్ గారికి ఇద్దాం.

ఆ సమావేశం ఈసారి చెట్టు కింద పెట్టడం లేదు. వేదికలోనే పెడుతున్నాము. అనుమతి కోసం అర్జీ ఇప్పుడే రాసి ఇస్తున్నాము. తాళం తీస్తే లోపల కూర్చుందాం. తీయకపోతే ఆ తలుపు ముందరే కూర్చుందాం. ఎకరాకు 440 రూపాయలు పెట్టిన మనుషులం మనం.